పక్కవాళ్ళు చెప్పాలి

ఆల్టన్ కుర్చీలు వేయడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఒక్కో చేతికి రెండేసి మడత కుర్చీలు తగిలించుకుని వస్తాడు. మోకాలితో చిన్న పోటు పొడిస్తే చాలు, అవి వాటంతటవే విచ్చుకుని నిలబడతాయి. దారం పట్టినట్టు వరస ఎక్కడా వంకర పోదు. అట్లాంటాలో ఓ కంపెనీ అద్దాల మేడ అది. అందులో పెద్ద హాలూ, అందులోని కుర్చీలూ, మైకులూ, గోడమీద బొమ్మ వేసే యంత్రమూ అన్నీ అతని చేతి కింద ఉంటాయి.

బుధవారం మధ్యాహ్నం చేతులు కుర్చీల మీద ఉన్నాయి కానీ మనసు శనివారం మీద ఉంది. శనివారం ఇదే హాల్లో అరుగు వాళ్ళ సభ. కంప్యూటర్ల కొలువుల్లో ఉన్న నల్లజాతివాళ్ళూ, ఆ కొలువుల్లోకి రావాలనుకునేవాళ్ళూ కలిసి పెట్టుకున్న సంఘం అది. మొదట్లో వెర్నీటా హేగుడ్ ఇంటి అరుగుమీద నలుగురు కూచుని మొదలుపెట్టారు గనక ఆ పేరే నిలిచిపోయింది. వెర్నీటా ఈ మేడలోనే పై అంతస్తులో పెద్ద ఉద్యోగి. ఆవిడ పోరు పెట్టగా పెట్టగా సియాటిల్ నుంచి డెల్ఫీన్ మేయో అనే ఆవిడ రావడానికి ఒప్పుకుంది. డెల్ఫీన్ కంపెనీ అట్లాంటాలో కొత్త శాఖ తెరుస్తోంది. కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా కాపు కాసే పని. పన్నెండు ఉద్యోగాలు.

ఆ పని ఆల్టన్ నేర్చుకున్నాడు. పగలు కుర్చీలు వేసి, సాయంత్రాలు అరుగు మీద పుస్తకం పట్టి నేర్చుకున్నాడు. రాతపరీక్ష మొదటిసారే గట్టెక్కాడు. ఆ తర్వాత ఎక్కిన గుమ్మం ఎక్కకుండా తిరిగాడు. నలుగురి ముందు కూచోబెట్టి నోరు విప్పమన్న ప్రతిచోటా పని చేజారింది.

వసతుల మేనేజరు బ్రాంట్ చేతిలో కాఫీ కప్పుతో లోపలికి వచ్చాడు.

"ఆల్టన్, శనివారానికి కుర్చీలు వద్దు. అన్నీ తీసేసి నేలంతా రబ్బరు పట్టాలు పరచాలి. మూలకి నీళ్ళ తొట్లు పెట్టు."

"శనివారం అరుగు వాళ్ళకి ఇచ్చారు కదండీ?"

"మార్చాం. కుక్కల క్లబ్బు వాళ్ళు అడిగారు. వాళ్ళ కుక్కలన్నిటికీ కలిపి పుట్టినరోజు చేస్తారట. అయినా ఈ హాలు అందరికీ పనికొచ్చే కార్యక్రమాలకి ఇస్తే బాగుంటుందని పైవాళ్ళ ఉద్దేశం. ఒక వర్గానికే అంటే చూడ్డానికి బాగుండదు కదా."

కుక్క లేనివాడు అందరిలోకీ రాడా అని అడగాలనిపించింది ఆల్టన్‌కి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే అతుక్కుపోయింది. "సరేనండీ" అన్నాడు. బ్రాంట్ వెళ్ళాక, వేసిన కుర్చీలన్నీ మళ్ళీ ఒక్కొక్కటే మడిచాడు. మడిచేటప్పుడు మాత్రం చప్పుడు కాస్త ఎక్కువే అయింది.

కాసేపటికి వెర్నీటా విసవిసా వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు అటూ ఇటూ ఊగుతోంది.

"హాలు లేదని కబురు పంపారు. ఎందుకు లేదో రాయలేదు. ఎవరికిచ్చారు తమ్ముడూ?"

"కుక్కలకి అక్కా."

"ఎవరూ?"

"కుక్కలు. పుట్టినరోజట. రబ్బరు పట్టాలు పరవమన్నారు, కాళ్ళు జారతాయని."

వెర్నీటా ఒక కుర్చీ లాక్కుని కూలబడింది. మొదట ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని ఆల్టన్ కంగారుపడ్డాడు. తీరా చూస్తే నవ్వుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారేటట్టు నవ్వుతోంది.

"మా నాన్న ఇవాళ బతికుంటేనా... 'నీకంటే కుక్కకి విలువెక్కువే అమ్మాయ్' అని వెక్కిరించేవాడు." కళ్ళు తుడుచుకుని లేచింది. "సరే. డెల్ఫీన్ గారు వచ్చేది మళ్ళీ ఏడాదికో, ఎప్పటికో. ఆవిడ ఖాళీ చేతుల్తో వెళ్ళిందంటే ఇంకే కంపెనీ మన మొహం చూడదు. గోడలు లేకపోతే పోయె. పార్కులో పందిరి కట్టి ఉంది కదా, అక్కడ పెడదాం."

"ఎండ మండిపోతోందక్కా."

"చెమట పట్టనివ్వు. చెమట పట్టినవాడికే ఉద్యోగం."

*

గురువారం సాయంత్రం వెర్నీటా అరుగుమీద ఆల్టన్‌ని కూచోబెట్టారు. అతని స్నేహితుడు రెజ్జీ ఎదురుగా కూచుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, పెద్ద అధికారిలా గొంతు సవరించాడు. రెజ్జీ బాంకులో కంప్యూటర్లు చూస్తాడు. కొలువు దొరికినప్పట్నుంచీ అరుగు మీద అందరికీ ప్రశ్నలు వేయడం తన హక్కు అనుకుంటాడు.

"పెట్వే గారూ, మీ గురించి చెప్పండి."

"నా పేరు ఆల్టన్ పెట్వే అండీ."

"అది కాయితం మీద ఉంది. ఇంకా?"

"నేను... కాపు పని... నేర్చుకున్నానండీ." జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"బాగా నేర్చుకున్నారా?"

"ఏదో అండీ."

రెజ్జీ కళ్ళజోడు తీసేశాడు. "ఏదో ఏంట్రా! మా బాంకు కంప్యూటర్లలో దొంగలు దూరే తలుపు తెరుచుకునుంటే నాకంటే ముందు నువ్వే పట్టావు. ఆ ముక్క చెప్పడానికేం?"

"నేను చెప్పుకుంటే ఏం బాగుంటుంది? మా నాయనమ్మ, గొప్పలు చెప్పుకునేవాణ్ణి తిండి బల్ల దగ్గర్నుంచి లేపేసేది. 'నువ్వంత మంచివాడివైతే ఊరే చెబుతుంది, నువ్వు నోరు మూసుకుని బీన్స్ తిను' అనేది."

"మీ నాయనమ్మ ఎన్ని ఉద్యోగాలు ఇప్పించిందేం?"

"మా నాయనమ్మ వేసిన మొట్టికాయ నీకు పడలేదు గనక అలా అంటున్నావు. మూడు ఊళ్ళకి వినపడేది." ఆ మాట మీద అరుగంతా నవ్వింది. ఆల్టన్ ఆ ఊపులో నాయనమ్మ నడకా, ఆవిడ చర్చికి పెట్టుకెళ్ళే టోపీ, ఆ టోపీ వెనక కూచున్న పాస్టరుగారి భార్య అవస్థా అన్నీ నటించి చూపించాడు.

వెర్నీటా నవ్వు ఆపుకుని, "ఇంత నోరుంది కదరా నీకు! ఆ గదిలోకి వెళ్ళగానే దాన్ని ఎక్కడ పారేస్తావు?" అంది.

ఆల్టన్ నవ్వు మాయమైంది. "అక్కా, ఈసారి కూడా పోతే ఇక చాలు. నా వల్ల కాదు. కుర్చీలే నయం. అవి నన్నేమీ అడగవు."

రెజ్జీ కళ్ళజోడు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

*

శనివారం పార్కుకి అందరూ ముస్తాబై వచ్చారు. మగవాళ్ళు కోట్లు వేసుకున్నారు. ఆడవాళ్ళు మడమెత్తు చెప్పులు గడ్డిలో దిగబడుతుంటే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచారు. వెర్నీటా పందిరి స్తంభాలకి ఊదారంగు గుడ్డలు చుట్టించింది. తీరా చూస్తే పక్క పందిరికీ ఊదారంగు గుడ్డలే. అక్కడ ఏదో కుటుంబం వాళ్ళ ఏడాది కలయిక. ముసలీ ముతకా, పిల్లా పీచూ అందరూ ఊదారంగు చొక్కాల్లోనే. ప్రతి వీపు మీదా "గ్యాస్కిన్ల ఇంటివాళ్ళం" అని అచ్చు. పక్కటెముకల మాంసం పొయ్యి మీద కాలుతుంటే ఆ పొగ నేరుగా ఇటే కొడుతోంది. కాయితాలు పట్టుకుని బుద్ధిగా కూచున్నవాళ్ళ ముక్కులు అటే తిరుగుతున్నాయి.

డెల్ఫీన్ మేయో రావాల్సిన సమయం దాటిపోయింది. వెర్నీటా ఫోను చేస్తే మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు. ఆవిడకి సాయంత్రమే తిరుగు విమానం.

"దారి తప్పిందేమో" అన్నాడు రెజ్జీ.

"మనసు మార్చుకుందేమో" అంది వెర్నీటా చిన్న గొంతుతో. వెంటనే తేరుకుని, "ఆల్టన్, ఐసంతా కరిగిపోయింది. పక్కవాళ్ళనడిగి ఓ తొట్టెడు పట్రా. ఆవిడొచ్చేసరికి చల్లటి నీళ్ళయినా లేకపోతే ఎలా?" అంది.

ఆల్టన్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఖాళీ తొట్టి పట్టుకుని అటు వెళ్ళాడు. పందిట్లోకి అడుగు పెట్టాడో లేదో, పెద్ద బల్ల చివర కూచున్న ముసలావిడ చేతికర్ర అడ్డం పెట్టింది. ఆవిడ పేరు లోరీన్ గ్యాస్కిన్. ఆ ఇంటికి పెద్ద దిక్కు.

"ఆగు నాయనా. మన ఊదా చొక్కా లేకుండా వచ్చావేం? ఎవరి కొడుకువి?"

"మా అమ్మ పేరు వైలెట్ అండీ. కానీ నేను..."

"వైలెట్టా! మేకన్ ఊరి వైలెట్టా?"

"మేకనే అండీ, కాకపోతే..."

"చూశారర్రా, వైలెట్ పిల్లాణ్ణి పంపింది! తను మాత్రం రాదు. ఎప్పుడూ అంతే ఆ పిల్ల." ఆవిడ బుట్ట ముందుకు తోసింది. అందులో అప్పటికే బోలెడు ఫోన్లున్నాయి. "ఫోను ఇందులో పడేయి. భోజనాల దగ్గర నా కళ్ళకి ఫోను కనపడకూడదు. అదుగో, అక్కడ పేకాటకి ఒక చెయ్యి తక్కువైంది. పో."

పెద్దావిడ మాటకి ఎదురు చెప్పడం ఆల్టన్‌కి చేతకాదు. తొట్టి కింద పెట్టి, ఫోను బుట్టలో వేసి, వెళ్ళి కూచున్నాడు. ఒక ఆట ఆడేసి ఐసు అడిగి పోదామనుకున్నాడు.

ఎదుటి జట్టు ఇద్దరూ లోరీన్ తమ్ముళ్ళు. ఒకాయన సన్నం, ఒకాయన లావు. ఆల్టన్ జట్టులో పడింది యాభై దాటిన ఒకావిడ. ఇస్త్రీ మడత నలగని ప్యాంటు మీద రెండు సైజులు పెద్దదైన ఊదారంగు చొక్కా. ముందున్న ప్లేట్లో ఎముకలు మిగిలాయి. పెదవి చివర మాంసం పులుసు అంటుకుని ఉంది.

"ఇస్పేటు తురుపు. మా దగ్గర చూసీ చూడనట్టు పోవడాలుండవు" అన్నాడు సన్నాయన పేకలు పంచుతూ.

"నాలుగు పట్లు పడతాం" అంది ఆవిడ ముక్కలు సర్దుకుని.

"నాలుగేనా! మీ వైపు చేతులు చిన్నవేమో" అన్నాడు లావాయన.

"చేతులు చిన్నవే పెద్దాయనా, మూటలు పెద్దవి" అన్నాడు ఆల్టన్. "మీకు మోయడానికి బండి తెచ్చుకున్నారా?"

ఆవిడ పేకల వెనక నవ్వింది. ఆట సాగింది. ఆవిడ చెప్పినవి నాలుగు, పట్టినవి నాలుగు. ఆల్టన్ వేయబోయే ముక్క ఏదో ముందే తెలిసినట్టు ఆడింది. రెండో ఆటలో లావాయన రాజుని బల్లమీద ఠప్పున కొడితే, ఆవిడ చడీచప్పుడు లేకుండా ఆసు తీసి దానిమీద పెట్టింది. "ఈ రాజుగారికి పెళ్ళయిందా? మంచి సంబంధముంది" అన్నాడు ఆల్టన్. చుట్టూ జనం చేరారు. సన్నాయన తల పట్టుకుని, "ఈ వైలెట్ కొడుకు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నాడర్రా" అన్నాడు.

మూడో ఆట సగంలో అన్నదమ్ములిద్దరికీ పళ్ళ మిఠాయి కాబ్లర్ అయిపోతోందని కబురొచ్చింది. చేతిలో ముక్కలతో సహా లేచి పరుగెత్తారు. ఆవిడ ముందుకు వంగి గొంతు తగ్గించింది.

"నువ్వు వైలెట్ గారబ్బాయివా?"

"అవునండీ. మీరు?"

"ఎస్టెల్ కూతుర్ని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడే ముందు ఒప్పేసుకుంది. "నిజం చెప్పనా? మా అమ్మ పేరు ఎస్టెల్లే. కానీ మా అమ్మకీ ఈ ఇంటికీ ఏ చుట్టరికమూ లేదు."

"అమ్మయ్య!" అన్నాడు ఆల్టన్. "నేను ఐసు కోసం వచ్చానండీ!"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని విరగబడి నవ్వింది. "నేనేదో సభకి వచ్చాను. ఊదారంగు గుడ్డలని చెప్పారు. కనపడ్డాయి, వచ్చేశాను. పెద్దావిడ 'ఎవరి అమ్మాయివి' అంది. ఇక్కడ సభల్లో అమ్మ పేరు కూడా అడుగుతారు కాబోలు, ఎంత బాగుందో అనుకుని చెప్పాను. చెప్పీ చెప్పకముందే ప్లేటు చేతిలో పెట్టారు. చొక్కా తొడిగారు. ఫోను లాక్కున్నారు. ఇప్పుడు చెబుదాం, ఇంకాసేపాగి చెబుదాం అనుకుంటూనే..." ప్లేటులోని ఎముకలు చూపించింది. "ఇంత తిన్నాక కాదని ఎలా చెప్పను?"

"ఏ సభకండీ?" అని అడిగేశాడు ఆల్టన్. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది. వెర్నీటా అందరికీ పంపిన బొమ్మలో నల్లకోటు, బిగించి వెనక్కి దువ్విన జుట్టు, మూసుకున్న నోరు. ఆ నోటికి నవ్వూ, మాంసం పులుసూ కలిపితే ఈ మనిషే.

"అరుగు అనీ... పన్నెండు ఉద్యోగాలకి మనుషుల్ని చూసుకోవాలి."

ఆల్టన్ సర్దిన ముక్కల్నే మళ్ళీ మళ్ళీ సర్దసాగాడు. అన్నదమ్ములు మూతులు తుడుచుకుంటూ తిరిగొచ్చారు. ఆట మళ్ళీ సాగింది. ఆటీను ముక్క పడింది. ఆల్టన్ చేతిలో ఆటీను ఉంది. ఉన్నా అతని వేళ్ళు ఇస్పేటు తీసి దానిమీద వేశాయి. ఆ తర్వాత పట్టులో ఆటీను బయటపడింది.

సన్నాయన కుర్చీ తన్నుకుని లేచాడు. "రంగు దాచాడు! చేతిలో రంగు పెట్టుకుని తురుపుతో కోశాడు!"

పందిరంతా తిరిగి చూసింది. దొంగతనాన్నయినా క్షమిస్తారేమో గానీ పేకాటలో రంగు దాస్తే ఆ ఊళ్ళో క్షమించరు. ఆల్టన్ చెవులు కాలిపోయాయి. డెల్ఫీన్ తన చేతిలోని ముక్కలు బల్లమీద పరిచేసింది.

"తప్పు మా జట్టుది" అంది నెమ్మదిగా. "జరిమానా మూడు పట్లు మీవే, తీసుకోండి."

ఆల్టన్ అతికష్టం మీద నోరు పెగల్చుకున్నాడు. "అమ్మా... ఆ సభ... పక్క పందిట్లో" అని వేలు చూపించాడు.

*

ఇద్దరూ కలిసి లోరీన్ ముందుకెళ్ళి నిజం చెప్పేశారు. ఆవిడ కర్ర మీద గడ్డం ఆనించి మొత్తం విన్నది.

"అయితే ఆ కోట్లు తొడుక్కుని ఎండలో మాడుతున్నవాళ్ళు మీవాళ్ళా? పొద్దుట్నుంచీ చూస్తున్నా. ఎవరిదో చావనుకుని పాటలు కూడా తగ్గించమన్నాను. తిండి పెట్టకుండా ఉద్యోగాలేంటమ్మా? అందర్నీ ఇటు పిలవండి!"

వెర్నీటా పరుగున వచ్చింది. డెల్ఫీన్‌ని ఊదారంగు చొక్కాలో చూసి ఏమనాలో తెలియక చెయ్యి చాచింది. డెల్ఫీన్ చెయ్యి కడుక్కోలేదని చెప్పి కౌగిలించుకుంది. అరుగు వాళ్ళు కోట్లు విప్పారు. కాయితాలు కాళ్ళ కింద పెట్టి ప్లేట్లు పట్టుకున్నారు. బంగాళాదుంపల సలాడ్ ఎవరి చేతిదైతే వాళ్ళది తినడు గనక, అదెవరు చేశారని రెజ్జీ ఆరా తీసి, పేరు తెలిశాకే వడ్డించుకున్నాడు.

భోజనాలయ్యాక లోరీన్ కర్రతో బల్ల మీద కొట్టింది. "ఇక ఇంటివాళ్ళ పిలుపు. కొత్తవాళ్ళున్నారు గనక పద్ధతి చెబుతున్నా. మా ఇంట్లో ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకోకూడదు. సిగ్గున్నవాడు తక్కువ చెబుతాడు, సిగ్గులేనివాడు ఎక్కువ చెబుతాడు. అందుకని పక్కనున్నవాళ్ళు చెప్పాలి. ఎవరు, ఏం చేస్తారు, ఏం కావాలి. ఇవాళ పక్క పందిరి కూడా మా కొమ్మే. కానివ్వండి."

గ్యాస్కిన్లు ఒక్కొక్కరే లేచారు. ఒక మనవడు బండి కొన్నాడని వాళ్ళక్క చెప్పింది. ఒక కోడలికి ఇల్లు కావాలని తోడికోడలు చెప్పింది. వరస అరుగు వాళ్ళ దగ్గరికొచ్చింది. మొదట తడుముకున్నారు, తర్వాత అందుకున్నారు. తమ గురించి చెప్పమంటే బట్టీపట్టిన పాఠం అప్పజెప్పేవాళ్ళు, పక్కవాళ్ళ గురించి కథలు చెప్పారు. డెల్ఫీన్ చిన్న పెన్సిలు అడిగి తీసుకుని, కాయితపు ప్లేటు వెనక ఏదో గీసుకుంది.

రెజ్జీ లేచి ఆల్టన్ భుజం మీద చెయ్యి వేశాడు. "వీడు ఆల్టన్ పెట్వే. ఇందాక రంగు దాచినవాడు." నవ్వులు. "మా బాంకు కంప్యూటర్లలో ఒక తలుపు తీసి ఉంటే వీడే పట్టాడు. పట్టి, 'రెజ్జీ, నువ్వు పట్టావని చెప్పుకో, నీకు కొత్త ఉద్యోగం కదా' అన్నాడు. నేను చెప్పుకున్నాను. నాకు మెచ్చుకోలు వచ్చింది. ఇప్పటిదాకా బాంకులో ఎవరికీ చెప్పలేదు. వీడికి ఉద్యోగం కావాలి." గబుక్కున కూచుని, నీళ్ళు లేని గ్లాసు ఎత్తి తాగాడు.

ఆల్టన్ తల ఎత్తలేదు. లోరీన్ కర్ర తర్వాతి మనిషి వైపు తిరిగింది. "ఎస్టెల్ కూతురా, నీ గురించి ఎవరు చెబుతారు?"

వెర్నీటా లేచింది. "డెల్ఫీన్ మేయో గారు ఒక పెద్ద కంపెనీలో కాపు విభాగానికి అధిపతి. ఆ స్థానానికి వచ్చిన మొదటి..."

"అది కుర్చీ గురించి తల్లీ" అంది లోరీన్. "నేను మనిషి గురించి అడిగాను."

వెర్నీటా కూచుంది. డెల్ఫీన్ నవ్వబోయింది గానీ నవ్వు సరిగ్గా రాలేదు. "నన్ను దాటేయండి పెద్దమ్మా. ఆ కంపెనీలో చేరి చాలా ఏళ్ళయింది. అక్కడ మాత్రం నా గురించి ఎవరు చెబుతారు? నాకలవాటే."

ఆల్టన్ లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలీదు. కూచోమని కాళ్ళు చెబుతున్నా నోరు వినలేదు.

"ఈవిడతో నేను పేక ఆడానండీ. ఉన్నవి నాలుగైతే నాలుగే అంటుంది. ఐదు అనదు. గెలిచినప్పుడు బల్ల గుద్దదు. రాజుని కొట్టేటప్పుడు కూడా ముక్క మెల్లగా పెడుతుంది, ఎదుటాయన మనసు నొచ్చుకోకుండా. నేను రంగు దాచాను. ఇంతమంది ముందు వీడు దాచాడని నన్ను చూపించొచ్చు. చూపించలేదు. మా జట్టు తప్పు అంది. అప్పటికి నేనెవరో ఆవిడకి తెలీదు." కొంచెం ఆగాడు. "ఈవిడ నవ్వితే బాగుంటుంది. బొమ్మలో నవ్వలేదు. ఈవిడకి ఏం కావాలో నాకు తెలీదండీ. శనివారాలు కూచోడానికి ఓ చోటేమోనని అనిపించింది. మా అరుగు మీద ఖాళీ ఉంది."

పొయ్యి మీద కొవ్వు చుర్రుమన్న చప్పుడు వినపడింది. డెల్ఫీన్ ప్లేటు మొహానికి దగ్గరగా పట్టుకుని ఏదో చదువుతున్నట్టు కూచుంది. లోరీన్ కర్ర ఎత్తింది. "సరిపోయింది. తర్వాత ఎవరు?"

విమానం వేళకి బయల్దేరుతూ డెల్ఫీన్ ఆల్టన్‌ని పక్కకి పిలిచింది. చొక్కా విప్పలేదు.

"సోమవారం మావాళ్ళు ఇక్కడి హోటల్లో ఉంటారు. ఇవాళ నేను పేర్లు రాసుకున్నవాళ్ళందర్నీ చూస్తారు. నువ్వూ రా. కానీ నిన్ను నేను చూడను, నీ గురించి ఒక్క ముక్క కూడా చెప్పను. పేకాట జట్టంటే చుట్టరికమే. చుట్టాన్ని నేను తూచకూడదు."

ఆల్టన్ తలూపాడు. పై అధికారుల్లో అతని నోరు తెరుచుకున్నది ఈవిడ ఒక్కరి ముందే. ఆవిడే ఉండనంటోంది.

*

సోమవారం హోటలు గదిలో ఇద్దరున్నారు. ఒక బట్టతలాయన, ఒక కుర్రమ్మాయి. గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చారు. మంచివాళ్ళే. మంచివాళ్ళయినా గది గదే.

"మీ గురించి చెప్పండి" అన్నాడు బట్టతలాయన.

"నా పేరు ఆల్టన్ పెట్వే అండీ" అన్నాడు. ఆగిపోయాడు. మెడ మీద చెమట మొదలైంది. రుమాలు తీశాడు. మళ్ళీ జేబులో పెట్టేశాడు. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. లేచి, దాంట్లోకి మారి కూచున్నాడు.

"ఏమీ అనుకోకండి. నా గురించి నేను చెప్పుకోవడం నాకు రాదు. పక్కన కూచుని చెబుతాను, వింటారా?"

ఆ అమ్మాయి బట్టతలాయన్ని చూసింది. ఆయన కలం కింద పెట్టి, "చెప్పండి" అన్నాడు.

ఆల్టన్ ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపించాడు. "ఇతని పేరు ఆల్టన్. కుర్చీలు వేస్తాడు. బాగా వేస్తాడు. హాల్లో వంద కుర్చీలుంటే ఏది కాలు వంకరో చీకట్లో తడిమి చెబుతాడు. కంప్యూటర్లూ అంతే చూస్తాడు. తాళం వేసిన తలుపుల జోలికి పోడు, వేశామనుకుని మర్చిపోయిన తలుపులు వెతుకుతాడు."

"ఇతనికి కోపం వస్తుందా?" అడిగింది అమ్మాయి, ఆ ఖాళీ కుర్చీనే చూస్తూ.

"వస్తుందండీ. మొన్న ఒకచోట మాట్లాడాల్సింది, మాట్లాడలేదు. అది అతని తప్పే. కాపు కాసేవాడు కేక వేయాలి కదా. ఇప్పుడు నేర్చుకుంటున్నాడు."

ఆయన నవ్వి, ఒక చిక్కు ప్రశ్న వేశాడు. ఒక ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఉన్నట్టుండి మొరాయిస్తే మొదట ఏం చూస్తాడని. ఆల్టన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. బల్లమీద నీళ్ళ గ్లాసు ఒక కంప్యూటరైంది, కలం ఇంకొకటైంది. అది ఇటు జరిపి, ఇది అటు జరిపి చెబుతూ పోయాడు. ఆయన అడ్డం తగిలితే, "అలా కాదండీ, ముందు రోగుల మంచాల దగ్గరున్నవి చూడాలి" అని గట్టిగానే అన్నాడు. ఎప్పుడో మధ్యలో, పక్కన కూచుని చెబుతానన్నవాడు లేచి వెళ్ళిపోయాడు. ఆల్టనే మాట్లాడుతున్నాడు. ఆ సంగతి అతను గమనించనే లేదు.

*

ఆ వారం చివర్లో కబురొచ్చింది. అరుగు వాళ్ళలో ఏడుగురికి పని దొరికింది. ఆ ఏడుగురిలో ఆల్టన్ ఒకడు. వెర్నీటా ఆఫీసు మెట్లమీదే ఎగిరి గంతేసింది. రెజ్జీ మర్నాడు తన బాంకులో పైవాళ్ళ దగ్గరికి పోయి, ఆ తలుపు పట్టింది తను కాదని చెప్పొచ్చాడు. "ఉద్యోగం ఉందిరా, మొహమే కాస్త పోయింది" అని నవ్వాడు. డెల్ఫీన్ మేయో అట్లాంటాలో ఇల్లు వెతుకుతోంది. శనివారాల అరుగుకి దగ్గర్లో ఉండాలని ఇళ్ళ దళారీతో గట్టిగా చెప్పిందట.

ఆల్టన్ హాల్లో ఆఖరి రోజు కుర్చీలు మడుస్తుంటే ఫోను మోగింది. అవతల లోరీన్ గ్యాస్కిన్.

"వైలెట్ కొడుకా, నీకు పని దొరికిందట. సంతోషం. ఇదిగో, మా మనవరాలు కెండ్రా ఈ ఏడు చదువు పూర్తి చేసింది. కంప్యూటర్లే. బిక్కుబిక్కుమంటూ గదిలో కూచుంటుంది, నలుగుర్లోకి రాదు. నువ్వా కొత్త కొలువులో దాని గురించి ఓ మాట చెప్పాలి."

"తప్పకుండా చెబుతాను పెద్దమ్మా" అన్నాడు ఆల్టన్, చేతిలోని కుర్చీని మళ్ళీ విప్పి నిలబెడుతూ. "శనివారం అరుగు మీదకి పంపండి. ముందు పక్కన కూచోనివ్వండి."